గవ్వలు వేసి పెట్టిన పాస్‌వర్డ్

మా బొగ్గుగని కాలనీలో పాస్‌వర్డ్ అంటే కన్న బాపు టోకెన్ నంబరే. గనిలో దిగే మనిషికి ఇచ్చే ఆ నంబరు టిఫిన్ డబ్బా మీద, సైకిల్ మీద, చివరికి ఇంట్లో బిందెల మీద కూడా ఉంటుంది. నేనూ నా మెయిల్‌కు అదే పెట్టుకున్నాను. అల్లుడికి మామ నంబరు తెలియదా? దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టే.

నా మెయిల్‌లో ఉన్నవి ప్రేమలేఖలు కావు. నా భర్త కొట్టినప్పుడల్లా తీసుకున్న దెబ్బల ఫొటోలు. కేసు పెట్టే రోజు వస్తే చూపించాలని దాచాను. అతను మెయిల్ తెరిచి, అన్నీ చెరిపేసి, బెల్టు తీశాడు. ఆ బెల్టు వాతలతోనే మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి వేములవాడ రాజన్న దేవుడి పేరుకు బిడ్డ పుట్టిన సంవత్సరం తగిలించాను. అన్నం తింటూ తింటూ కనిపెట్టాడు. ఆ కంచమే నా మొహం మీదికి వచ్చింది. ముందు పన్ను ఊడింది. మనం దాచుకునేదేమో మనకు ఇష్టమైన పేర్ల వెనక, కొట్టేవాడికేమో ఆ పేర్లన్నీ కంఠతా వచ్చు. నా తెలివికి నాకే ఒళ్లు మండింది.

వాచిన మూతితో పుట్టింటికి పోతే, సంగతంతా విని నన్ను కన్న అవ్వ ఏడవలేదు. పచ్చీసు ఆడే గవ్వలు తెచ్చి నా ముందు పోసింది.

"పేర్లు బంద్ జెయ్యి. గవ్వలెయ్యి. గవ్వలకు చుట్టరికం ఉండది."

ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే ఫోన్ కీబోర్డు మీద అన్ని గళ్లు జరిగి, వేలు ఆగిన చోట నొక్కాను. అన్నీ బోర్లా పడితే ఏదో ఒక గుర్తు. అలా పొడుగాటిది ఒకటి తయారైంది. అర్థం పర్థం లేదు. బట్టలు పిండుతూ, బియ్యం ఏరుతూ గొణిగి గొణిగి నోటికి పట్టించాను. మెయిల్‌లో ఫొటోలు మళ్లీ చేరాయి.

ఈసారి అతనికి దొరకలేదు. తెలిసిన పేర్లన్నీ కొట్టి చూసి, జుట్టు పట్టి నా తలను గోడకు బాదాడు.

"ఎవని పేరు వెట్టినవే? చెప్పు, ఎవడాడు?"

"ఎవ్వని పేరు గాదు."

నా కుడిచేతి చిటికెన వేలు వెనక్కి విరిచాడు. ఎముక చప్పుడు నాకు వినబడింది. నా ధైర్యం అంతటితో సరి. ఒక్కో అక్షరం, ఒక్కో అంకె ఉన్నదున్నట్టు చెప్పేశాను. రెండు మూడు నొక్కాడో లేదో ఫోన్ నేలకేసి కొట్టాడు.

"నాతోని మజాక్ జేస్తున్నవా? గిదొక పేరేనా?"

పక్క వేలు కూడా విరిచాడు. ఇరుగుపొరుగు వాళ్లు తలుపు పగలగొట్టేదాకా నేను అదే చెబుతూ ఉన్నాను, అబద్ధమని అతను కొడుతూనే ఉన్నాడు.

పోలీస్ స్టేషన్ కంప్యూటర్‌లో ఎడమ చేత్తో మెయిల్ తెరిచాను. ఫొటోలన్నీ ఉన్నాయి. ఎస్సై మేడం ఒక్కొక్కటే చూసి, కట్టు కట్టిన నా చెయ్యి వైపు తిరిగింది.

"గట్టిదానివే. గింత కొట్టినా చెప్పలే."

"చెప్పిన మేడం. ఆయన నమ్మలే."