నేను పారబోసిన ద్రాక్ష జాడీ

మొన్న ఫిబ్రవరిలో కూతురూ అల్లుడూ నన్ను నాసిక్ తీసుకుపోయి ఒక్క రోజులో మూడు వైన్ తయారీ కేంద్రాలు తిప్పి చూపించారు. వచ్చాక ఈ సంగతి నాగోల్‌లో మా పక్క ఫ్లాటావిడకు చెబితే, ఈ వయసులో వైన్స్ చుట్టూ తిరగడమేమిటన్నట్టు మొహం పెట్టింది. ఆవిడ తప్పేమీ లేదు, మన వైపు ఆ మాట వింటే మెట్రో స్తంభాల పక్కన ఇనుప గ్రిల్లు వేసిన కొట్టు తప్ప ఇంకేం గుర్తొస్తుంది. అక్కడ మాత్రం గుట్ట వాలు మీద వరసలు వరసలుగా ద్రాక్ష తీగలు, వాటి మధ్య అద్దంలా తుడిచిన పెద్ద షెడ్డు, లోపల మనిషికి రెండింతల ఎత్తున్న స్టీలు పీపాలు. మొదటి చోట మమ్మల్ని తిప్పిన అమ్మాయి నన్ను మెల్లగా నాలుగు మెట్లెక్కించి, ఒక పీపా మూత తీసి తొంగి చూడమంది. చూద్దును కదా, నల్లటి ద్రాక్ష తొక్కల మీద ఇంత మందాన గులాబీ రంగు నురగ, బుడబుడమంటూ పొంగుతోంది. ఈ నురగ రాకపోతే వైన్ లేదని ఆ అమ్మాయి హిందీలో చెబుతుంటే నాకు నవ్వాగలేదు, ఆ నవ్వులోనే కళ్ళు కూడా తుడుచుకోవలసి వచ్చింది. సరిగ్గా అలాంటి నురగనే నలభై ఏళ్ళ కిందట దిల్‌సుఖ్‌నగర్‌లో, చెడిపోయిందనుకుని, మా అత్తమ్మ జాడీలోంచి మోరీలోకి పారబోసినదాన్ని నేను.

నా ఈడు వాళ్ళకు ఆనాటి దిల్‌సుఖ్‌నగర్ గుర్తుండే ఉంటుంది. ఇన్ని కోచింగ్ సెంటర్లు, ఇన్ని చీరల షాపులు లేవు. ఎల్బీ నగర్ చౌరస్తా దాటితే పెద్ద అంబర్‌పేట్ వైపు రోడ్డు పొడుగునా ద్రాక్ష తోటలుండేవి, మాఘం ఫాల్గుణం వచ్చాయంటే కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర బస్సు దిగకముందే ఆ వాసన ముక్కుకు తగిలేది. మా చర్చి అప్పుడు రేకుల కప్పు వేసిన ఒక హాలు. నల్లగొండ పల్లెల నుంచి పనులు వెతుక్కుంటూ వచ్చి కిరాయి ఇళ్ళలో ఉన్న కుటుంబాలే ఎక్కువ, కోస్తా వైపు వాళ్ళు నాలుగైదు ఇళ్ళు. ఆ చర్చిలో ఒక ఆనవాయితీ ఉండేది. ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాస కాలం, అదే శ్రమల దినాలు, మొదలైన వారంలోనే ఇష్టమున్న ఇళ్ళవాళ్ళు ద్రాక్షపళ్ళు, పంచదార, ఈస్టు, గుప్పెడు గోధుమలు వేసి జాడీకి గుడ్డ కట్టేవారు. ఈస్టరుకు ముందు వారం వచ్చే మట్టల ఆదివారం, దాని ముందు శనివారం పాస్టరు గారి భార్య, ఆమెను మేమందరం అమ్మగారు అనేవాళ్ళం, ఆ ఇళ్ళన్నీ తిరిగి రుచి చూసి ఒక ఇంటి జాడీని ఎంచేది. ఈస్టరు ఉదయం ప్రభువు బల్ల మీద రొట్టె పక్కన గిన్నెలో పోసేది ఆ ఇంటి ద్రాక్షారసమే. ఆ గౌరవం ఆ ఇంటికి ఏడాది పొడుగునా ఉండేది.

మా మామగారు తాపీ మేస్త్రీ. ఒకప్పుడు బాగా తాగేవాడట. కన్నతల్లిని సమాధి చేసే రోజున పిడికెడు మన్ను వేయడానికి కొడుకేడని వెతికితే సారా దుకాణం వెనక ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నాడట. ఆ మర్నాటి నుంచి చుక్క ముట్టలేదు. నేను కోడలిగా వచ్చేనాటికి పదకొండేళ్ళయింది. అయితే మా చర్చి గిన్నెలో ఉండేది నలభై రోజులు పులిసిన రసం కదా, ఒక్క గుటకతో పాతదంతా మళ్ళీ లేస్తుందని ఆయన భయం. అందుకే రొట్టె తీసుకునేవాడు, గిన్నె తన ముందుకు రాగానే గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచి లేచిపోయేవాడు. అందరూ చూసేవారు. చాటుగా ఇంకా తాగుతున్నాడు కాబట్టే గిన్నె ముట్టడానికి మనసొప్పడం లేదని గుసగుసలు పోయేవారు. ఆరాధన ముగియగానే మా అత్తమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా కొంగు కప్పుకుని గబగబా ఇంటిదారి పట్టేది.

ఇంత జరుగుతున్నా రుచి చూసే శనివారం అమ్మగారు ఆయనను వెంటబెట్టుకుని పోవడం మాత్రం మానలేదు. ఆయన ముక్కు అలాంటిది. ఎడమ అరచేతిలో ఒక చుక్క వేయించుకుని, కుడి బొటనవేలితో రుద్ది, వాసన చూసి, ఇది విరిగి పాడైంది, ఇందులో పంచదార ఎక్కువైంది, ఇది ఇంకో వారం ఆగాలి అని చెప్పేవాడు. నాలుకకు తగిలించేవాడు కాదు.

నేను కాపురానికొచ్చిన ఏడాది మా అత్తమ్మ జాడీ బాధ్యత నాకు అప్పగించింది. ఆమె దవాఖానలో ఆయా, తెల్లవారకముందే వెళ్ళి సాయంత్రానికి వచ్చేది. జాడీని ఒకే చెయ్యి కలపాలని, రెండో చెయ్యి తగిలితే రసం విరిగిపోతుందని ఆమె పట్టింపు. పళ్ళు కడుగుతూ ఆమె అన్న మాట నాకింకా చెవిలో ఉంది. "ఈ సారి మనింటిదే బల్ల మీదికొస్తే, ఏమో బిడ్డా, తనింటిదని జర ముట్టుకుంటడేమో."

అంత ఆశ పెట్టుకున్న జాడీని నేనేం చేశానో విన్నారు కదా. మా పుట్టింటి ఊరి చర్చిలో తాజా ద్రాక్ష ఎరగం. ఎండుద్రాక్ష నానబెట్టి, మరిగించి, వడగట్టి అదే గిన్నెలో పోసేవారు. అంతకు మించి నాకు తెలియదు. ఆరో రోజు గుడ్డ విప్పితే నురగ, పుల్లటి ఘాటు, పళ్ళన్నీ ఉబ్బి పైకి తేలి ఉన్నాయి. పప్పు చెడిపోతే ఎలా ఉంటుందో అలాగే ఉంది. నా చెయ్యి మంచిది కాదనుకుని ఏడుస్తూ మోరీలో పోశాను. చెప్పే ధైర్యం లేక జాడీ నిండా నీళ్ళు నింపి గుడ్డ కట్టి, అత్తమ్మ ఇంట్లో ఉన్న వేళ చూసి చప్పుడయ్యేలా తెడ్డుతో కలిపేదాన్ని. అలా నెల రోజుల పైన నీళ్ళు కలిపాను. ఆమె ముక్కుకు ఫినాయిల్ తప్ప మరో వాసన తెలియకుండా పోయిందని ఆమే అనేది కాబట్టి బతికిపోయాను. రుచి చూసే శనివారం పొద్దున, ఆమె అరపూట సెలవు పెట్టి వచ్చేలోపల, రాత్రి నానబెట్టిన ఎండుద్రాక్ష మరిగించి వడగట్టి జాడీలో పోశాను.

ఆ రోజు గ్లాసుల బుట్ట మోసే పని కూడా నాకే వచ్చింది. అమ్మగారు, గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఒక టీచరమ్మ, మామగారు, నేను సిటీ బస్సులో ఎల్బీ నగర్ దాకా పోయి అక్కణ్ణించి వెనక్కి ఇల్లిల్లూ చూసుకుంటూ వచ్చాం. మొదటిది లారీలు బాగుచేసే ఆయన ఇల్లు, వాళ్ళది విరిగిపోయింది. రెండో ఇంటావిడ లవంగాలు ఎంత వేసిందో, టీచరమ్మ రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. ప్రతి ఇంట్లోనూ ఒక గుక్క, నోరు పుక్కిలించడం, ఒక డబల్‌రొట్టె ముక్క, ఆ ఇంటి మంచీ చెడూ, చివర ఒక ప్రార్థన. కొత్తపేటలో మార్కెట్ వెనక ఇంటిది నిజంగా బాగుంది. మామగారు అరచెయ్యి రెండుసార్లు వాసన చూసుకుని తల ఊపాడు. అమ్మగారు మనసులో అదే ఖాయం చేసుకుందని నాకు అర్థమైంది. మా సందు దగ్గరపడుతున్న కొద్దీ నేను బుట్టతో వెనకబడుతూ వచ్చాను.

మా అత్తమ్మ ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మామగారు చుక్క వేయించుకున్నాడు, రుద్దాడు, వాసన చూశాడు, తలెత్తి నా వంక చూశాడు. టీచరమ్మ ఒక గుక్క తాగి, "ఇది పానకంలా ఉందమ్మా, ఇదేం వైనూ," అంది. అత్తమ్మ మొహం చూశాక నేనిక తట్టుకోలేకపోయాను. నురగ, మోరీ, నీళ్ళు, ఎండుద్రాక్ష, అన్నీ ఏడుస్తూ చెప్పేశాను. అత్తమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని గడప మీద కూర్చుంది.

మామగారు మాత్రం తాపీగా అడిగాడు. "బాగ మరిగించినవా?"

మరిగించానన్నాను.

"పొంగలే గదా?"

లేదన్నాను. అప్పుడాయన బుట్టలోంచి తానే ఒక గ్లాసు తీసి నా చేతికిచ్చి నిండా పొయ్యమన్నాడు. మా అందరి ఎదుట ఆగకుండా తాగాడు. మూతి తుడుచుకుని, "గిదే పెట్టుండ్రి అమ్మగారూ. గిదైతే నేను గూడ తాగుత," అన్నాడు.

అమ్మగారు ఆ ఖాళీ గ్లాసు అందుకుని బుట్టలో పెట్టింది. టీచరమ్మ ఏదో అనబోతే చేత్తో వారించి, ద్రాక్షే కదా, చాలు, అంది. అది తప్పో ఒప్పో నేనిప్పటికీ చెప్పలేను. కొత్తపేట ఇంటావిడ మాత్రం క్రిస్మస్ దాకా మాతో మాట్లాడలేదు, మాట్లాడకపోవడంలో న్యాయముంది. ఎన్నో ఏళ్ళ తర్వాత మామగారు ఒకసారి నవ్వుతూ, ఆరో రోజు నుంచే జాడీ వాసన ఆగిపోయిందని, నేను నీళ్ళు కలుపుతున్నానని తనకు మొదటినుంచీ తెలుసునని చెప్పాడు. అప్పుడెందుకు అడగలేదంటే, కొత్త పిల్లవు, పరేషాన్ అయితవని ఊకున్న, అన్నాడు.

ఆ ఈస్టరు ఉదయం, ముందు రాత్రి నేను మళ్ళీ తాజాగా మరిగించిన రసం పోసిన గిన్నె ఆయన ముందుకొచ్చినప్పుడు ఆయన చెయ్యి గుండె మీదికి పోలేదు. రెండు చేతులతో అందుకున్నాడు. ముందు వరసలో పాడుతున్నవాళ్ళు పాట మరిచిపోయి చూశారు, వెనకవాళ్ళు అందుకునేదాకా ఒక చరణం అలా గాలిలోనే ఉండిపోయింది. ఆ రోజు మా అత్తమ్మ ఇంటికి తొందరపడలేదు. గేటు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి ఒక్కరికీ వందనాలు చెప్పింది.

ఆయన ఉన్నంతకాలం ఈస్టరుకు ఎండుద్రాక్ష మరిగించింది నేనే. ఆయన తర్వాత సీసాల్లో కొన్న రసం వచ్చింది, ఇళ్ళు తిరిగి రుచి చూడటం ఆగిపోయింది. పండ్ల మార్కెట్టూ కొత్తపేట నుంచి తరలిపోయింది. ఇప్పుడు మా చర్చి మూడంతస్తులు, గోడలకు పాటలు చూపించే తెరలు, గిన్నెకు బదులు మనిషికొకటి మూత అతికించిన బొటనవేలంత ప్లాస్టిక్ కప్పు. నాసిక్‌లో చివరి చోట వైన్ పోసి, వద్దనుకుంటే పక్కనున్న పాత్రలో ఉమ్మేయవచ్చని చెప్పారు. నాకు ఉమ్మబుద్ధి కాలేదు, తాగాలనీ లేదు. అరచేతిలో ఒక చుక్క వేసుకుని రుద్ది వాసన చూస్తుంటే మా అమ్మాయి కంగారుగా టిష్యూ కాగితం అందించింది.

శుభ్రం, సౌకర్యం వచ్చాయి, కాదనను. ఎవరు తాగారు ఎవరు మానారని ఇప్పుడెవరూ చూడరు. ఆ చూపులు పదకొండేళ్ళు మా అత్తమ్మను ఏడిపించాయి, నిజమే. కానీ అలా చూసేవాళ్ళుండబట్టే ఆయన గిన్నె అందుకున్న రోజు మా ఇల్లు ఒంటరిది కాలేదు. కిందటి ఈస్టరుకు నేను కూర్చున్న బెంచీ చివర ఉన్న ఒక నడివయసు మనిషి తన కప్పు మూత తీయకుండానే మెల్లగా చొక్కా జేబులో వేసుకున్నాడు. అంత మందిలో చూసింది నేనొక్కదాన్నే అనుకుంటాను. లేచి వెళ్ళి పలకరిద్దామనుకున్నాను, వెళ్ళలేదు. ఆయన పేరేమిటో, ఏ సందులో ఉంటాడో నాకు తెలియదు.