ఢిల్లీబాబు బిగించిన తాళాలు

ఢిల్లీబాబుది వజ్రపుకొత్తూరు దగ్గర సముద్రంలో చేపల వేటకెళ్లే కుటుంబం. అతనికి మాత్రం పడవెక్కితే వాంతులు పట్టుకునేవి. అందుకని పలాస వచ్చి కేబుల్ టీవీ తీగలు లాగాడు, విశాఖలో ఆర్నెల్లు నెట్‌వర్క్ పని నేర్చుకున్నాడు. నలభయ్యో ఏట ఒక ప్రైవేటు డయాలసిస్ కేంద్రంలో కంప్యూటర్లన్నీ అతని చేతికొచ్చాయి. ఎవరైనా జేబులోంచి పెన్‌డ్రైవ్ తీస్తే చాలు, అతని చూపు మారిపోయేది.

మొన్న వేసవిలో అసిరమ్మ అనే ముసలావిడ డయాలసిస్ మంచం మీంచే అతన్ని పిలిచింది.

"బాబూ, నిన్న నా రత్తం తీసినారు. సాయంత్రానికే ఎవుడో ఫోన్ సేసి, నీ కిడ్నీ లెక్క ఇంతుంది, మా మందు కొనుక్కోమన్నాడు. నాకే తెలీని ముక్క ఆడికెలా తెలిసిపోనాది?"

వారం తిరక్కుండా మరో ముగ్గురు అదే మాట చెప్పారు. ఢిల్లీబాబుకి ల్యాబ్ టెక్నీషియన్ తవిటయ్య మీద అనుమానం పడింది. ఫోనొస్తే బయటికెళ్లి మాట్లాడేది అతనొక్కడే.

కేంద్రంలో రెండేళ్ల కిందట అతనే పెట్టిన ఫైర్‌వాల్ పెట్టె ఒకటి ఉంది. లోపలి కంప్యూటర్ల మధ్య తిరిగే ఫైళ్లు కూడా దాని తనిఖీ దాటాల్సిందే. ఢిల్లీబాబు ఆ తనిఖీని ఇంకా బిగించాడు. ఐదు నిమిషాలకోసారి పాస్‌వర్డ్ అడిగేలా చేశాడు. ల్యాబ్ నుంచి డాక్టరు గదికి రిపోర్టు చేరడానికి పది నిమిషాలు పట్టసాగింది. ఫోన్లు మాత్రం ఆగలేదు.

తవిటయ్య కంప్యూటర్ నుంచి బయటికి ఏదీ వెళ్లలేదని ఆ పెట్టెలోని రికార్డులు చెప్పాయి. మరీ తెలివైనవాడన్నమాట, అనుకున్నాడు ఢిల్లీబాబు.

ఒక మధ్యాహ్నం చప్పుడు చేయకుండా వెళ్లి వెనక నిలబడ్డాడు. తవిటయ్య సెల్‌ఫోన్‌తో, పేషెంటు పేరూ ఫోన్ నంబరూ కనపడుతున్న రిపోర్టు స్క్రీన్‌ని ఫొటో తీస్తున్నాడు.

"ఏటి సేత్తన్నావు?"

తవిటయ్య ఉలిక్కిపడి, ఆ ఫోనే అతని చేతిలో పెట్టాడు. "సూడు మావా. నువ్వా పెట్టె పెట్టిన కాడ్నుంచీ ఇదే పని. పొటాషియం రిపోర్టు నీ నెట్టులో ఎల్లేసరికి పేషెంటు పేణం మీదకొత్తాది. అందుకే ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతన్నాం. నర్సులు, డాక్టర్లు అందరూ ఉన్నారు."

ఢిల్లీబాబు గ్రూపులో పేర్లు ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లాడు. ఒక పేరు దగ్గర వేలు ఆగింది. ఏడాది కిందట ఇక్కడ ఉద్యోగం మానేసి మందులమ్ముకుంటున్న మనిషి. అతన్ని గ్రూపులోంచి ఎవరూ తీసేయలేదు.

ఆ రోజే గ్రూపు మూయించాడు. రిపోర్టులకి లోపల విడిగా ఒక దారి వేసి, గట్టి తనిఖీని బయటికెళ్లే దారి దగ్గర మాత్రమే ఉంచాడు. వెయిటింగ్ హాలు వైఫైని పూర్తిగా వేరు చేశాడు. రిపోర్టు క్షణాల్లో చేరింది. తన బిగింపు వల్లే అందరూ దొడ్డిదారి పట్టారని మేనేజరు ముందు ఒప్పుకున్నాడు.

కొత్త పేషెంట్లకి ఫోన్లు రావడం లేదు. అసిరమ్మకి ఇంకా వస్తూనే ఉన్నాయి, ఆమె నంబరు ఆ మనిషి దగ్గరుంది కదా.

"నన్ను దొంగనుకున్నావు కదా మావా," అన్నాడు తవిటయ్య ఒకరోజు. ఢిల్లీబాబు అవునని తలూపాడు.

ఇప్పుడు అతను ల్యాబ్‌లోకి వస్తే తవిటయ్య ఫోన్ బోర్లా పెడతాడు. ఢిల్లీబాబు తన గదికి వెళ్లి, తవిటయ్య కంప్యూటర్ రికార్డులు మరోసారి తెరుస్తాడు.