సంకటి గిన్నెల చెయ్యి పెట్టిన రాత్రి

ఒట్టు పెట్టుమంటరా? పెడ్త. కానీ నా బిడ్డ మీద మాత్రం పెట్ట. ఎందుకు పెట్టనో ముచ్చట అయిపోయినంక మీకే తెలుస్తది. నేను తినే తిండి మీద ఒట్టు... దీంట్ల ఒక్క మాట కల్పించింది లేదు. నవ్వేటోళ్లు ఇప్పుడే నవ్వుకోండ్రి. నడుమల నవ్వితే నాకు కోపమొస్తది, చెప్పుడు ఆపేస్త.

ఇందాక బంతిల సంకటి వడ్డిస్తుంటే నేను లేసొచ్చిన. మీరంత "శీనుగాడికి సంకటి చేదైంది రా" అని ఎక్కిరిచ్చిర్రు. చేదు గాదు. మా ఇంట్ల నా అంత సంకటి తినేటోడు లేకుండె. వేడి వేడి జొన్న సంకటి, పచ్చిపులుసు ఉంటె నాకు కూర గూడ అక్కర లేకుండె. ఇప్పుడు దాన్ని జూస్తేనే లేసి పోత. థూ... పేరు తీసినా నోట్ల నీళ్లూరి ఉమ్మొస్తది.

మా చెల్క చేను పెద్దమందడి కాడ ఉంటది, మీకు ఎర్కే. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతులకొస్తున్న దినాలు. వానలు మొకం చాటేసినయి. పల్లి ఏసినం. ఊడలు దిగే టైం. ఆ టైంల తడి లేకపోతే ఇగ పల్లికాయ ఏడ పడ్తది? బోరే దిక్కు. బోరుకేమో కరెంటు రాత్రిపూటనే ఇస్తుండె. ఎప్పుడొస్తదో తెల్వదు, ఎప్పుడు పోతదో తెల్వదు. దానికి తోడు అడివి పందులు. ఇగ ఊర్ల ఉంటె పని గాదని, బోరు కాడ గుడిసె ఏసుకోని ఆడనే ఉన్నం. నేను, నా భార్య మంజుల, మా పావని. పావనికి అప్పుడప్పుడే మాటలొస్తున్నయి. "నాయినా, బువ్వ"... గంతే. ఆ రెండు మాటలే దినమంత అంటుండె.

ఒకనాడు పొద్దుగాల లేసి జూస్తే పావని పక్క మీద కూసోని ఏందో నములుతుంది. పిల్ల కదా, పల్లికాయ దొరికిందేమో అనుకున్న. దగ్గరికి పోయి నోట్ల వేలు పెట్టి గుంజిన. సన్నగ... పలుసగ... ఉల్లిపొట్టు లెక్క వచ్చింది. గుంజుతుంటే ఇంక వస్తనే ఉన్నది. కుబుసం. పిల్ల కప్పుకున్న దుప్పటి పొంటి ఇడిసిపోయింది అది. అంటే రాత్రంత నా బిడ్డ పక్కల పండుకోని, తీరుబాటుగ తోలు ఇప్పుకోని పోయిందన్నట్టు. పిల్ల పెదవులకు దాని పొలుసులు అంటుకోని ఉన్నయి. నేను పక్కకు పోయి కక్కిన.

మంజులను "ఊర్లకు పోదాం పా" అన్న. ఆమె నా దిక్కు ఉరిమి జూసింది.

"పోతే మడులకు నీళ్లు ఎవరు తిప్పుతరు? నీ తాత వస్తడా? పురుగు మన గుడిసెల చొచ్చింది. దాన్ని లేపెయ్యి. మనం ఎందుకు పోవాలె?"

మా దిక్కు రాత్రైనా పగలైనా దాని పేరు తియ్యరు, పురుగు అనే అంటరు. పేరు పెట్టి పిలిస్తే పలుకుతదని మా ముసలోళ్ల మాట.

నేను మా మిలిట్రీ పెద్దనాయిన కాడికి పోయిన. మా నాయినకు అన్న. మిలిట్రీల చేసి రిటైరై వచ్చిండు. ఆయన కాడ లైసెన్సున్న పిస్తోలు ఉండె. దాన్ని రోజు తుడుసుడే గాని ఎన్నడు పేల్చినోడు గాదు. ముచ్చట ఇనంగనే మొకం ఎలిగిపోయింది. పెట్టెల నుంచి తూటాలు తీసి అరచేతిల పెట్టి చూపించిండు.

"ఇవి మనుషుల మీదికి గాదు రా శీనూ. పట్నంల దుకాణం నుంచి తెప్పించిన. దీంట్ల ఒకటే పెద్ద గుండు ఉండదు. ఆవగింజలంత సన్న గుండ్లు నిండుగుంటయి. పేలితే చాటంత జాగల పడ్తయి. నీ చెయ్యి వణికినా పురుగు తప్పిచ్చుకోదు."

"కట్టెతోని కొడితే అయిపోదా పెద్దనాయినా?" అన్న.

"పిచ్చోడా! కట్టెతోని కొడితే సగం సచ్చి పోతది. కొట్టినోని మొకం కండ్లల్ల పెట్టుకోని పోతది. పగ వట్టి మల్లొస్తది. దీంతోనైతే అది మనల్ని జూసే లోపలనే ఖతం. తర్వాత తల నలగ్గొట్టాలె, పాలు పోసి కాలవెట్టాలె. గంతే, దానికి మనకు బాకీ లేదు."

పిస్తోలు పట్టుకున్న మనిషి పురుగు పగకు భయపడుడు జూసి నాకు నవ్వొచ్చింది. నవ్వలే. ఆయన సాయం కావాలె గదా.

ఆ రాత్రి... పావని ఇంక తినకముందే నిద్రపోయింది. లేపి తినిపిద్దామని మంజుల సంకటి గిన్నె మూత తీసింది. కందిలి పక్కనే ఉన్నది. నేను, పెద్దనాయిన తలుపు కాడ కూసున్నం. మంజుల చెయ్యి గిన్నెల పెట్టబోయి ఆగింది. అట్లనే ఆగింది. కట్టెల మోపు దిక్కు జూస్తుంది.

సర్ర్... సర్ర్...

మోపు కింద నుంచి వచ్చింది. తొందర లేదు దానికి. పొయ్యి పక్కకు వచ్చి, గిన్నె కాడ తల లేపింది. పడగ ఇప్పింది. చిన్నగ ఊగుతుంది. బుస్... అన్నప్పుడల్లా పొయ్యిల బూడిద లేస్తుంది. ఆ బూడిద సంకటి మీద పడుతుంది. నాకు ఆ యాళల గూడ అదే మనసుల పడ్డది, తినే తిండి మీద దీని ఊపిరి అని.

మంజుల ఒక్క దుముకు దుమికింది. పక్క మీది పిల్లను దుప్పటితోని సహా ఎత్తుకోని మా నడుమల నుంచి బైటికి ఉరికింది.

"జరుగు!" అన్నడు పెద్దనాయిన. పేల్చిండు.

ఆ చిన్న గుడిసెల ఆ సప్పుడు... పిడుగు నెత్తి మీద పడ్డట్టే. కందిలి పగిలింది. చీకటి. ఇగ ఆ తర్వాత... సప్పుడే లేదు. ఏ సప్పుడు లేదు. చెవులల్ల కీ... అని ఒకటే మోత. నా పెదవి మీద ఏదో తడి. తెల్వక నాలికతోని తుడుసుకున్న. సల్లగ, జిగటగ... చేపలు కడిగిన నీళ్ల తీరు. మందు వాసన, నీసు వాసన కలిసి ముక్కుల దిగింది. ఉమ్మిన. ఎంత ఉమ్మినా పోదు. గడ్డం మీద ఉన్నది, మెడ మీద ఉన్నది, అంగీ మీద ఉన్నది. పిసరు పిసరు.

పెద్దనాయిన టార్చి ఏసిండు. దాంట్ల బ్యాటరీల మసాలా అయిపోయినట్టున్నది, ఎర్రగ గుడ్డి ఎలుగు. నా మొకం ముందట పెట్టి ఏందో అంటుండు. పెదవులు కదులుతున్నయి. మాట రాదు. "ఇనవస్తలే" అని నేను అన్న. నా మాట నాకే ఇనవడలే. ఆయన తన తల మీద చెయ్యి పెట్టి, చెయ్యి తిప్పి చూపించిండు. తల ఏదీ అని.

నేను కింద జూసిన. మొండెం ఉన్నది. ముడి పడుతుంది, ఇప్పుకుంటది, మల్ల ముడి పడుతుంది. మెడ కాడ అంత తునాతునకలు. తల లేదు. తెగిన తల గూడ కొరుకుతదని మీరు ఇన్నరు గదా. అది నలగ్గొట్టకుంటే, కాలవెట్టకుంటే, మేమంత ఆ గుడిసెల ఎట్ల పండుకోవాలె? పెద్దనాయిన ఎనక తడికల నుంచి బైట పడ్డదేమోనని టార్చి పట్టుకోని గుడిసె సుట్టు పోయిండు.

నేను తలుపు కాడ నిలవడ్డ. కటిక చీకటి. చెవులల్ల కీ... అట్లనే ఉన్నది.

అప్పుడు...

"నాయినా..."

మా పావని. గుడిసె లోపలి నుంచి.

"నాయినా... బువ్వ..."

మంజుల చేతుల నుంచి జారి మల్ల లోపలికి ఎప్పుడొచ్చింది పిల్ల? పొయ్యి దిక్కు నుంచి వస్తుంది మాట. తల ఏడ పడ్డదో తెల్వదు. పిల్ల కిందనే తిరుగుతుంది. అగ్గిపెట్టె యాదికి రాలే నాకు. అరిసిన గూడ అనుకుంట, పెద్దనాయినను. మోకాళ్ల మీద లోపలికి పోయిన. "కదలకు బిడ్డా... నాయిన వస్తుండు... కదలకు..."

మొండెం నా మోకాలికి తాకింది. సుట్టుకుంది. ఇడిసింది. నేను ఆగలే.

"నాయినా... బువ్వ..."

ఇగ నా ముందటనే. చెయ్యి చాపితే దొరికేటంత దగ్గర. చెయ్యి చాపిన.

గిన్నె అంచు తాకింది.

చెయ్యి లోపల పడ్డది. సంకటి ఇంక వేడిగనే ఉన్నది. మెత్తగ వేళ్ల నడుమల నుంచి ఎక్కొచ్చింది. ఆ వేడిల... సల్లగ ఏదో ఉన్నది. చిన్నది. గుండ్రంగ. పిల్ల పిడికిలి అనుకున్న. ఆకలికి పిల్ల గిన్నెల చెయ్యి పెట్టుకున్నది అనుకున్న. పానం లేసొచ్చింది. "దొరికినవు బిడ్డా" అని పట్టుకున్న. గట్టిగ పట్టుకున్న.

పిడికిలి... తెరుసుకున్నది.

మెల్లగ తెరుసుకున్నది. లోపల తడి. నా వేలు దాంట్లకు పోయింది. మల్ల మూసుకున్నది. సన్నటి ముల్లు లెక్క ఏదో నా గోరు మీద కర్ర్... అని జారింది. ఆ జారుడు నాకు ఇనవడలే, ఎముకల తెలిసింది. చెయ్యి ఇదిలిచ్చిన. పోదు. సంకటితోని సహా ఏలాడుతుంది. చెయ్యి నేలకేసి కొట్టిన, గోడకేసి కొట్టిన. ఎట్ల ఊడిందో తెల్వదు.

పెద్దనాయిన ఉరికొచ్చిండు. టార్చి ఎలుగుల జూసినం. సంకటి ముద్ద అంటుకోని, ఒక కన్నే బైటికి కనవడుతున్న తల. నోరు ఇంక మూసుకుంటుంది, తెరుసుకుంటుంది. పెద్దనాయిన రోకలి తీసుకోని దంచిండు. ఎంత దంచిండో. గుడిసెల పిల్ల లేదు. ఏ మూలకు లేదు.

గిన్నె సంకటితోని సహా బొంద తీసి పూడ్చినం. తలను మొండాన్ని ఒక్క కాడ పెట్టి, పాలు పోసి, కాలవెట్టినం. ఆ కమురు వాసన... పండుగనాడు మాంసం కాలిస్తే ఎట్లుంటదో గట్లనే ఉండె. నోట్ల నీళ్లూరినయి నాకు. నా మీద నాకే అసయ్యమైంది. మల్ల కక్కిన.

నన్ను బండి మీద వనపర్తి దవాఖానకు తీస్కపోయిర్రు. డాక్టరు ఏలు తిప్పి తిప్పి జూసిండు. కోర దిగలేదు, గోరు మీద జారిపోయింది, నసీబున్నోడివి అన్నడు. తెల్లారే దాక కూసోవెట్టి పంపిర్రు. ఏం కాలే నాకు. ఆ ఏలుకు నీసు వాసన మాత్రం చాన దినాలు పోలే. బూడిదతోని కడిగిన, గాసునూనెతోని కడిగిన, నిమ్మకాయ రుద్దిన. ఎడమ చేతితోని తిన్న కొన్ని దినాలు, ఎవరేమన్న అనుకోనీ అని.

మూడు దినాలైనంక మంజులను అడిగిన. పిల్లను ఎందుకు కింద ఇడిసినవని గట్టిగనే అడిగిన. ఆమె నన్ను ఎర్రోన్ని జూసినట్టు జూసింది.

"నేను ఉరికినదాన్ని ఉరికినట్టే చేను నడుమల మంచె ఎక్కి కూసున్న. పిల్ల నా ఒళ్లనే ఉన్నది. అంత పెద్ద సప్పుడుకు గూడ లేవలే. తెల్లారేదాక నోరు తెరవలే. నువ్వు ఎవరితోని మాట్లాడుతున్నవని నేనే మంచె మీద నుంచి పిలిచిన. నీకు ఇనవడలేదా?"

ఇనవడలే. అదే గదా నేను చెప్పేది.

పెద్దనాయిన ఏమన్నడంటే, భయానికి మనిషికి గట్లనే ఇనవస్తది, మిలిట్రీల చాన మందిని జూసిన అన్నడు. ఉంటదేమో. పిల్ల మంచె మీద నిద్రల పలవరిస్తే గాలికి వచ్చిందేమో అన్నడు. గదీ ఉంటదేమో. నేను కాదనలే. కానీ ఆయన నా మొకం ముందట నిలవడి అరిస్తే ఆ మాట రాలే. మంజుల అంత గట్టిగ పిలిస్తే రాలే. నా గొంతు నాకే రాలే. తెల్లారి దవాఖానల డాక్టరు చెప్పింది గూడ పెద్దనాయిన చేతులు తిప్పి చెప్తేనే తెలిసింది. మూడో దినానికి గాని నా చెవులు తెరుసుకోలే.

మరి ఆ ఒక్క మాట ఎట్ల ఇనవడ్డది? కీ అనే మోత మీద... గంత చల్లగ, గంత సాపుగ... "నాయినా, బువ్వ" అని?

తెల్వదు. ఇయ్యాల్టికీ తెల్వదు.

పావని ఇప్పుడు పెద్దగైంది. పెండ్లీడుకొచ్చింది. ఇంటికొచ్చి వంటింట్ల నుంచి "నాయినా, ఆకలైతుంది" అంటది. మంచిగనే అంటది పిల్ల. నేను వెంటనే పలుక. లైటేసి, ముందుగాల దాని మొకం జూస్త. పెదవులు కదిలినయా లేదా అని జూస్త. కదిలినంకనే పలుకుత. అది నవ్వుతది, "ఏంది నాయినా గట్ల జూస్తవ్" అని. దానికి ఏం చెప్పను?

బిడ్డా అంటే పలికేది ఎవరో... అందుకే బిడ్డ మీద ఒట్టెయ్యలే.