సాంచాల చెవులకు ఎన్‌హాన్సర్

కరోనా ఆంక్షలు తొలగిన ఏడాది, ముంబై దగ్గరి భివండీలోని టెంఘర్‌లో మా తెలుగువాళ్ల బతుకమ్మకు సౌండ్ నాదే. అంతకుముందు అక్కడ డీజే పాటలే మోగేవి. ఆడవాళ్లు పోట్లాడి, ఈసారి పాత పాటలన్నీ తెలిసిన లక్ష్మవ్వ పాడేందుకు పండుగ కమిటీని ఒప్పించారు. ఆమె ఒక వరుస అంటే చుట్టూ తిరిగేవాళ్లు అందుకోవాలి. మరాఠీ బడుల్లో చదివిన కోడళ్లకు పాటలు రావు. మాట స్పష్టంగా వినపడకపోతే పాట ఆగిపోతుంది. ఆగితే మళ్లీ డీజేనే అని కమిటీ షరతు.

కమిటీ పెద్ద నర్సయ్య సేఠ్. సాంచాల మధ్యే, అంటే పవర్‌లూమ్‌ల మోతలోనే వయసంతా గడిపిన మనిషి. సౌండ్ చెక్ వేళకు ముంబైలో కొన్న ఎన్‌హాన్సర్‌ను చంకన పెట్టుకొని వచ్చాడు. స, చ లాంటి సన్నని శబ్దాలకు కృత్రిమంగా పదును పెట్టే పెట్టె అది. రికార్డు పాటకైతే కొంత మెరుపు వస్తుంది. ఎదురుగా మైకు ఉంటే, ఆ పెరిగిన శబ్దం స్పీకర్‌లోంచి తిరిగి మైకులోకే దూరి కూత పెడుతుంది. దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటాం. అదే సేఠ్‌కు చెప్పాను.

“నువ్వు పాతకాలపోనివి శ్రీనూ. పెట్టి సూడు.”

పెట్టి, నాబ్ కొంచెం తిప్పాను. “ఏం ఫరక్ లేదు” అన్నాడు. ఇంకొంచెం తిప్పాను. “ఊహూఁ.” చివరికి తానే పూర్తిగా తిప్పేసి, “ఆఁ! ఇప్పుడు సాఫ్ ఇనొస్తంది!” అన్నాడు. మాకు మాత్రం రేకు మీద మేకుతో గీకినట్టుంది. వెంటనే స్పీకర్లు కూశాయి. లక్ష్మవ్వ మైకు కింద పెట్టేసింది.

“గీ ఈలల నడుమ నేను పాడ బిడ్డా. డీజేనే పెట్టుకోండ్రి.”

నేను పెట్టెను తీసేశాను. సేఠ్ మళ్లీ తగిలించాడు. “కొన్నదెందుకు? సూసుకుంట కూసోనికా?” మళ్లీ తీశాను, మళ్లీ తగిలించాడు. తెచ్చిన బతుకమ్మలు వాడిపోతున్నాయి. నా ఓపికా అంతే.

సేఠ్ భార్య రాజవ్వ వచ్చి ఆయన వెనక నిలబడింది. “ఏమయ్యా, లక్ష్మక్క ఏమన్నది?”

ఆయన వైరు బిగిస్తూనే ఉన్నాడు. భుజం తట్టి గట్టిగా అడిగింది.

“ఏమంటది? సౌండ్ మస్తుందన్నది” అన్నాడు సేఠ్.

“పాడనన్నదయ్యా! సాంచాలు నీ చెవులు తిన్నయి. గా డబ్బ నీ చెవుల పెట్టుకో, స్పీకర్ల గాదు!”

ఆడవాళ్లంతా ఘొల్లున నవ్వారు. సేఠ్ వాళ్ల ముఖాల వంక చూసి, వంగి తానే వైరు పీకేశాడు.

స్పీకర్లను మైకుకు ముందుకు జరిపి, ఆడవాళ్ల వైపు తిప్పాను. అవతలి కొసన ఇంకొకటి పెట్టాను. మైకును మళ్లీ లక్ష్మవ్వ చేతికిచ్చి, నోటికి దగ్గరగా పట్టుకోమన్నాను. లక్ష్మవ్వ ఎత్తుకున్న మొదటి వరుసను ఆ కొసన ఉన్న కోడళ్లు కూడా తడబడకుండా అందుకున్నారు. ఆ వాడలో డీజే మాట మళ్లీ రాలేదు. సేఠ్ మాత్రం స్పీకర్ పక్కనే కుర్చీ వేసుకొని, చెవి వెనక చెయ్యి దొన్నెలా పెట్టుకొని వింటూ కూర్చున్నాడు.

ఎన్‌హాన్సర్ పెడితే సౌండ్ బాగుపడుతుందా అని ఇప్పటికీ అడుగుతుంటారు. మైకు ముందు మనిషి పాడేచోట నేను పెట్టను. కానీ ఇప్పుడు ఎవరైనా సౌండ్ బాలేదంటే, నాబ్ ముట్టుకోకముందే వాళ్ల పక్కన నిలబడి మెల్లగా ఒక మాట అని చూస్తాను. మా భివండీ పెద్దవాళ్లలో చాలామంది “ఏందీ?” అంటారు.