ఖాళీ పెట్టె ముందు మా అల్లుడు

మా అల్లుడు లిఫ్టులు బాగుచేసే మనిషి. తలుపు తెరుచుకుంది కదా అని ఒకరోజు అడుగు వేశాడు. లోపల లిఫ్టు లేదు. మోకాలు నుజ్జయింది. ఎక్కిదిగే పని ఇక కుదరదన్నాడు డాక్టరు. లిఫ్టు పని నేర్పే బడి ఒకటుంది. అక్కడి పిల్లలు లిఫ్టు గోతిలో పడకుండా నేర్చుకునే కంప్యూటరు ఆట చేసి చూపిస్తే, కూర్చుని చేసే ఉద్యోగం ఇస్తామన్నారు వాళ్లు. చూపించలేకపోతే గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాల్సిందేనని మా అమ్మాయి తేల్చేసింది.

ఆటలు తయారుచేసే సరంజామా ఊరికే దొరుకుతుందట. దాని లోగుట్టు ఎవరైనా విప్పి చూసుకోవచ్చట. బొమ్మకో ముక్క, చప్పుడుకో ముక్క, కావలసినవే తగిలించుకోవాలట. గాలం లేకుండా ఎర వేసేవాడు ఎక్కడైనా ఉంటాడా? నాకు వచ్చింది నాలుగు అక్షరాలే, కానీ లోకం బాగానే వచ్చు.

పైగా ఎప్పుడు వెళ్లినా తెర మీద ఖాళీ నీలం పెట్టె. నా చెప్పుల చప్పుడు విని అసలుది మూసేస్తున్నాడనుకున్నాను. ఒకసారి చెప్పులు విడిచి పిల్లిలా వెళ్లాను. అదే పెట్టె. దాన్ని చూసి నవ్వుకుంటున్నాడు. కంప్యూటరు స్విచ్చుకు, ఇదివరకు లిఫ్టు బాగుచేసేటప్పుడు కరెంటు మెయిన్‌కు తగిలించే అట్ట వేలాడుతోంది: ‘మనిషి పనిలో ఉన్నాడు, ముట్టుకోవద్దు.’

"ఏముంది అల్లుడూ అందులో?"

"ఏమీ లేదత్తయ్యా. మొదట ముక్కలన్నీ ఒకేసారి తగిలిస్తే అసలు తెరుచుకోనేలేదు. ఇప్పుడు ఖాళీగానైనా తెరుచుకుంది."

ఖాళీని చూసి మురిసే మొగుడికి గేటు కాపలా కూడా ఎక్కువేనని అమ్మాయితో అన్నాను. అది నవ్వలేదు.

ఆ తర్వాత ఒక ముక్క తగిలించడం, నడిపి చూడటం, నమ్మకం కుదిరాకే ఇంకోటి. గోడలు వచ్చాయి, బటన్ వచ్చింది, తలుపు వచ్చింది. బడివాళ్లు వచ్చే రోజు పొద్దున్నే నన్ను కూర్చోబెట్టాడు. బటన్ నొక్కాను. తలుపు తెరుచుకుంది. లోపలికి వెళ్లమన్నాడు. నేనా వెళ్లేది?

"ముందు లోపల నేల చూపించు."

నేల లేదు. చీకటి గొయ్యి. అతను మోకాలు రుద్దుకున్నాడు.

"ఆ రోజు నేను ఆ మాట అడగలేదత్తయ్యా" అన్నాడు.

సాయంత్రం వచ్చిన బడి పెద్దసారు ఆటలో నేరుగా అడుగు వేసి గోతిలో పడ్డాడు. ఉలిక్కిపడి మా కుర్చీ చేతులు పట్టుకున్నాడు. ఉద్యోగం అక్కడే ఖాయమైంది.

ఆ సరంజామా ఊరికే ఇచ్చినవాళ్లు మాత్రం ఇంతవరకూ ఏమీ అడగలేదు. అడుగుతారు. నేను కనిపెట్టుకునే ఉన్నాను.