కడక్ మాల్

ఉప్పుగూడలో మా ఇంటి వెనక సందులో ఒక చిన్న ప్లాస్టిక్ కార్ఖానా ఉండేది. ఎనభైల మొదట్లో నేను అందులో పాత సామాను ఏరే పని చేశాను. పగిలిన మగ్గులు, దువ్వెనలు, నూనె డబ్బాలు, తెగిన చెప్పులు. వాటిని కరిగించి కార్ఖానా యజమాని సేట్ ఏదో ఒకటి పోయించేవాడు. ఆ ఏడాది, మురుగునీళ్లు పారే నాలా పక్క మలుపులో, బండ్లు జారి పడకుండా రోడ్డు అంచున పాతే గుంజలు కావాలని ఒక కాంట్రాక్టర్ అడిగాడు.

"గుంజలకు కడక్ మాల్ అలగ్ చెయ్ బేటీ" అన్నాడు సేట్.

ఉర్దూ నాకు కొట్టిన పిండి అని విర్రవీగే రోజులవి. కడక్ చాయ్ అంటే మంచి చాయే కదా, కడక్ మాల్ అంటే మంచి సామానే అనుకున్నాను! టకటకలాడే మగ్గులు, దువ్వెనలు ఏరి గుంజల కోసం వేరే పెట్టాను. అవే కరిగించారు. ఇంటికెళ్లి నా కూతురితో గొప్పలు కూడా పోయాను, లారీ గుద్దినా విరగవని. దాని బడి రిక్షా రోజూ ఆ మలుపు మీదుగానే పోయేది.

గుంజలు పాతిన మూడో రోజు పొద్దున, బిడ్డను రిక్షా ఎక్కించి అప్పుడే పనిలోకి వచ్చాను. సేట్ మూలనున్న కుప్ప చూస్తున్నాడు.

"ఏంది బేటీ, డబ్బాలు, చెప్పులు గిట్లనే ఉన్నయి? వంగే మాల్ గిదే కద. కడక్‌ది పుటుక్కున ఇరుగుతదని తీసెయ్యమన్న."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. సందుల్లోంచి పరుగెత్తాను. అంత భయం నా జన్మలో ఎరగను. చెప్పు ఎక్కడ జారిపోయిందో తెలియదు.

మలుపు చేరేసరికి రిక్షా వాలులో దిగుతోంది. ఎదురుగా లారీ. రిక్షావాలా తడబడుతూ గుంజల వైపు తిప్పాడు. నా కూతురి గొంతు వినిపించింది.

"ఫికర్ చెయ్యకు చాచా! మా అమ్మ చేసిన గుంజలు, ఇరగవు!"

అడ్డం వెళ్లి రెండు చేతులతో రిక్షా పట్టుకున్నాను. చక్రం తాకగానే గుంజ పుటుక్కుమంది. చక్రం నా పాదం మీదికెక్కి ఆగింది. నా వెనక అడుగు దూరంలో నాలా.

పిల్లలు ఏడుస్తూ దిగారు. రిక్షావాలా ఆ గుంజ చేసినవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టాడు. నా కూతురు విరిగిన ముక్క చేతిలోకి తీసుకుంది.

"గిది నువ్వు చేసింది కాదు కదనే అమ్మా?"

"నేను చేసిందే బిడ్డా."

మిగతా గుంజలన్నీ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాయి. దాని చేతిలోని ముక్క తీసుకుని, కుంటుకుంటూ సేట్ దగ్గరికి నడిచాను.