దేవకమ్మ ఎడమ చెయ్యి

ఉదయగిరిలో ఏ ఇల్లాలి చెయ్యి మెత్తనో, ఏ ఇల్లాలి చెయ్యి మొండిదో ఆదిశేషమ్మకు తెలిసినట్టు వాళ్ల మొగుళ్లకు కూడా తెలియదు. గాజుల మలారం భుజాన వేసుకుని కొండ కింది వీధులన్నీ తిరిగేది. అరుగు మీద కూర్చుని, ఎదుటి మనిషి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, పిసికి పిసికి మెత్తబరచి, మణికట్టుకు అతికినట్టు గాజులు ఎక్కించేది. చేతికి పని ఉన్నంతసేపూ నోటికీ పని ఉండాలి ఆవిడకు. ఈ ఇంటి సంగతి ఆ ఇంట్లో దింపందే తిన్నది అరగదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన యేడు, దుకాణం సుబ్బరత్నమ్మగారి కోడలు దేవకమ్మ ఎడమ చేతికి గాజులు వేస్తుండగా ఒకటి చిట్లింది. పెంకు చిటికెన వేలి కింద దిగి రక్తం కారింది. దేవకమ్మ మాత్రం తన పుట్టిల్లు కలువాయి కబుర్లు చెప్పుకుంటూనే ఉంది. ఆదిశేషమ్మ ఆ చోట గట్టిగా గిల్లి చూసింది. పిల్ల చెయ్యి లాక్కోలేదు. తిప్పి చూస్తే చెయ్యి వెనకవైపు పాలిపోయిన మచ్చ ఒకటి ఉంది.

ఆ మాట పిల్లకే చెప్పి ఉండవచ్చు. అత్తను పక్కకు పిలిచి చెప్పి ఉండవచ్చు. ఆ మహాతల్లి నేరుగా పక్క వీధి సీతమ్మ దగ్గరికి పోయి, "పెద్దరోగమే అనిపిస్తా ఉండాది. ఎవరికీ చెప్పబాకమ్మా" అంది. దీపాలు పెట్టే వేళకు ఊరంతా అదే మాట. మర్నాడు దేవకమ్మ కంచం, చాప పెరట్లో కట్టెల కొట్టంలోకి వెళ్లిపోయాయి. మొగుడు గోవిందయ్య దుకాణం నుంచి తల ఎత్తకుండా వచ్చి, తల ఎత్తకుండా వెళ్లేవాడు. అంతకు మించి ఆయన చేసిందేమీ లేదు.

ఉన్నమాటే కదా అన్నానని ఆదిశేషమ్మ ఎంత సర్దిచెప్పుకున్నా ముద్ద దిగలేదు. పెరటి గోడ మీదుగా చూస్తే ఆ పిల్ల కొట్టం గుమ్మంలో కూర్చుని తన చేతినే చూసుకుంటోంది. ఈ పాపం నాదే అనుకుంది ఆవిడ. సుబ్బరత్నమ్మను కాళ్లావేళ్లా బతిమాలి, తనే దేవకమ్మను బస్సెక్కించి ఆత్మకూరులో ఆసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడ డాక్టరమ్మ లిదియమ్మ ఆ పిల్లను కళ్లు మూసుకోమని, దూది పోగుతో చెయ్యంతా తాకుతూ, "తగిలిన చోట వేలు పెట్టి చూపించమ్మా" అంది. మచ్చ మీద తాకినప్పుడల్లా పిల్ల ఊరికే కూర్చుంది. గుండుసూది గుచ్చినా అంతే. మోచేతి వెనక నరం తడిమి, చెవితమ్మె మీద చిన్న గాటు పెట్టి, రసం తీసి గాజుపలక మీద పూసుకుని డాక్టరమ్మ లోపలికి వెళ్లింది. చాలాసేపటికి వచ్చింది.

"కుష్ఠేనమ్మా. కానీ రసంలో పురుగు లేదు. ఇది అంటుకునే రకం కాదు. మాత్రలు విడవకుండా మింగితే నయమవుతుంది. ఇంట్లో అందరితో ఉండొచ్చు, వంట చెయ్యొచ్చు. ఇంకా ఆలస్యమయ్యుంటే వేళ్లు వంకర్లు పోయుండేవి. ఎవరు కనిపెట్టినారు?"

"ఈ పెద్దమ్మే. ఈమె లేకుంటే నా గతి ఏమయ్యేదో" అంది దేవకమ్మ, ఆదిశేషమ్మ చెయ్యి పట్టుకుని. ఊళ్లో చాటింది ఎవరో ఆ పిల్లకు తెలియదు. ఆదిశేషమ్మకు అక్కడే నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. చెప్పేద్దామనుకుంటూనే మాత్రల పొట్లం అందుకుని బస్సు దారి పట్టింది.

తిరిగి వచ్చేసరికి సుబ్బరత్నమ్మ వీధిగుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. అరుగుల మీద ఆడవాళ్లంతా చేరారు.

"అంటుకోదంటమ్మా. ఇంట్లో పెట్టుకోవచ్చని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది" అంది ఆదిశేషమ్మ.

"డాక్టరమ్మ ఏమన్నా మా వీధిలో కాపరం ఉండాదా? ఊరంతా చాటింది నువ్వు. సీతమ్మ నాతో చెప్పింది. నువ్వే అందరి ముందర దాని చెయ్యి పట్టుకొని గాజులు వెయ్యి. అప్పుడు లోపలికి రానిస్తాను."

దేవకమ్మ ఆదిశేషమ్మ ముఖంలోకి చూసింది. అరుగు మీద కూర్చుని ఎడమ చెయ్యి చాపింది.

ఆదిశేషమ్మ మలారం విప్పింది. రోగమంటే ఆవిడకిప్పుడు భయం లేదు. భయమంతా అరుగుల మీది వాళ్లంటేనే. అందరూ తన గిరాకీయే. ఈ చెయ్యి ఒళ్లో పెట్టుకుని పిసికితే రేపు తనకు చెయ్యి ఇచ్చేదెవరు? ఆవిడ వేళ్లు పెద్ద సైజు గాజులు లాగాయి. పిసికే పని లేకుండా, ఆ చేతిని తాకే పనే లేకుండా, అంచులు పట్టుకుని జారవిడిచింది.

దేవకమ్మ చెయ్యి దించింది. గాజులు వేళ్ల మీదుగా జారి అరుగు మీద పడ్డాయి.

"ఎన్నిసార్లు వేసినావు. నా సైజు మరిచిపోయినావా పెద్దమ్మా?" అంది.

సుబ్బరత్నమ్మ లోపలికి పోయి తలుపేసుకుంది.

పుట్టింటివాళ్లు వచ్చి దేవకమ్మను కలువాయి తీసుకుపోయారు. మాత్రలు మింగింది, కొన్నేళ్లకు రోగం నయమైంది. గోవిందయ్య పిలుచుకురావడానికి పోనేలేదు. ఆదిశేషమ్మ వ్యాపారానికి మాత్రం ఏ లోటూ రాలేదు. ఉదయగిరి ఆడవాళ్లు ఎప్పటిలాగే నమ్మకంగా చెయ్యి ఆవిడ ఒళ్లో పెట్టేవాళ్లు. ఆ నమ్మకానికి తను తగనని ఆవిడకు తెలుసు. తెలిసీ ఆ చేతులు పట్టుకుని పిసుకుతూనే ఉండేది.